మొక్కిన పెట్టె

"ఆ గది తాళం నా దగ్గరే ఉంటాది. ఎవురూ అడగబాకండి," అని సుబ్బమ్మ తాళంచెవి బొడ్లో దోపుకుంది.

ఎవరూ అడగలేదు. అసలు ఆ ఇంట్లో రెండు రోజులుగా ఎవరూ ఎవరినీ ఏమీ అడగడం లేదు.

ఉప్మా పళ్ళేలు బల్ల మీద చల్లారిపోయాయి. శివశంకర్ ఆఫీసు బ్యాడ్జీ మెడలో వేసుకున్నాడు, మళ్ళీ తీసి జేబులో పెట్టుకున్నాడు. అతని తమ్ముడు సురేంద్ర సోఫా అంచున కూర్చుని ఎడమ చెవిని అరచేత్తో మూస్తున్నాడు, తెరుస్తున్నాడు. మూసినా తెరిచినా అతని ముఖంలో తేడా లేదు. అది చూసినప్పుడల్లా అశ్విని చూపు తిప్పుకుంటోంది.

"చెవి డాక్టరు అపాయింట్‌మెంటు దొరికింది," అంది ఆమె, ఎవరి వంకా చూడకుండా. "నేను తీసుకెళ్తాను."

"నువ్వొద్దులేమ్మా. చేసింది చాలు," అంది సుబ్బమ్మ.

"అమ్మా!" అన్నాడు శివశంకర్.

"ఏమిరా అమ్మా? నేను చెప్పేది అబద్దమా? ఆ గదిలో తలుపులు బిగించి, 'ఇంకొంచెం పెంచు సురేంద్రా, ఇంకొంచెం పెంచు' అని పిల్లోడి చేత మోగించింది ఎవురు? గోడలకున్న పటాలే అదిరిపాయ. ఇంగ మనిషి చెవి ఎంత?"

శివశంకర్ నోరు మూసుకున్నాడు. అమ్మకూ భార్యకూ మధ్య మాట వచ్చినప్పుడు అతను చేసేది అదొక్కటే.

అత్త అన్న మాటల్లో ఒక్కటైనా తప్పని అనిపిస్తే అశ్విని బదులు చెప్పేది. ఆ మాటలే తనను తాను రెండు రోజులుగా అనుకుంటోంది.

హైటెక్ సిటీలో ఒక కంపెనీలో ఆమె కార్ల తలుపులు డిజైన్ చేస్తుంది. అదే విద్యతో ఇంట్లో మరిది కోసం గిటార్ స్పీకరు పెట్టె గీసింది. కంప్యూటర్లో పెట్టెను నిలబెట్టి, లోపల ఎంత గాలి పట్టాలో లెక్క చూసి, మళ్ళీ విప్పి పలకలు పలకలుగా పరిచి ఆ ఫైలు బాలానగర్ పంపితే, అక్కడి మెషిను ప్లైవుడ్ కోసి ఇచ్చింది. మొదటిసారి చేసింది డొల్లగా మోగింది. రంధ్రాలు జరిపింది. ముందు పలక మార్చింది. లోపల అడ్డబద్ద ఒకటి వేసింది. మార్చిన ప్రతిసారీ సురేంద్ర తలుపులు మూసుకుని వాయించేవాడు, ఆమె గోడకు చేరగిలబడి వినేది. కడపటిసారి మోగించినప్పుడు ఇద్దరూ ఒకరి ముఖం ఒకరు చూసుకుని నవ్వేశారు. ఆ మోత విని మధుకర్ అనే ఆయన కొండాపూర్‌లో తెరవబోయే సంగీతం హాలుకు అలాంటివి చేసిపెట్టమన్నాడు. మళ్ళీ సోమవారం వచ్చి తీరిగ్గా వింటానన్నాడు.

సరిగ్గా అప్పుడే సురేంద్ర తలస్నానం చేసి వచ్చి, "వదినా, ఈ చెవి పని చేయడం లేదు," అన్నాడు.

సురేంద్ర లేచి నిలబడ్డాడు. "వదినే రావాల," అన్నాడు తల్లితో. కుడి చెవితో మాత్రమే వింటున్న మనిషి కదా, ఎంత గట్టిగా అంటున్నాడో అతనికే తెలియలేదు. "నువ్వు దేవుడికి దండం పెట్టుకో."

ఆ మాటతో సుబ్బమ్మ తటాలున తలెత్తింది. ఏదో తట్టినట్టుగా కాసేపు అలాగే చూసి, వంటగదిలోకి వెళ్ళిపోయింది.

*

ఆటోలో అశ్విని అతనికి కుడివైపు కూర్చుంది.

"నెట్లో చదివినా వదినా. ఉన్నట్టుండి పోతే నరం పోయినట్టేనంట. ఇంగ తిరిగి రాదంట."

"నెట్లో చదవొద్దని చెప్పానా లేదా?"

"చదవకుండా ఎట్ల ఉంటా? నాకు వచ్చిన పని ఇదొక్కటే." అతను వేళ్ళు విరుచుకున్నాడు. పగలు పిల్లలకు గిటార్ నేర్పుతాడు, సాయంత్రాలు హోటళ్ళలో వాయిస్తాడు. "అన్న మాదిరి నేను ఆఫీసులో కూచోలేను."

అశ్విని అతని వేళ్ళ వంకే చూసింది. "సురేంద్రా, నీకొకటి చెప్పాలి. ఆ పెట్టె ఫైళ్ళన్నీ తీసేశాను."

"ఏమంటివి?"

"మొత్తం తీసేశాను. కాపీలు కూడా. ఇక ఆ పని చేయను."

అతను తల పూర్తిగా ఆమె వైపు తిప్పాడు. ఏమంటాడో అని ఆమె బిగుసుకుపోయింది. ఆటో ఫ్లైఓవర్ ఎక్కి దిగేంత వరకూ అతను వేళ్ళు విరుచుకుంటూనే ఉన్నాడు. తిట్టినా బాగుండేది.

*

డాక్టర్ యశస్విని చిన్న లైటు వేసి సురేంద్ర చెవిలోకి చూసింది. ఇంకోసారి చూసింది. "హూఁ," అంది.

ఆ ఒక్క శబ్దానికి అశ్విని కుర్చీ అంచు పట్టుకుంది.

"చెవిలో పుల్లలు పెట్టి తిప్పుతారా మీరు?" అని అడిగింది డాక్టరు.

"దూది పుల్లలు మేడమ్. రోజూ."

"రోజూ పెట్టి గుబిలినంతా లోపలికి కూరారు. తలస్నానం చేసినప్పుడు నీళ్ళు తగిలి అది ఉబ్బి ఉంటుంది. కర్ణభేరి కనిపించనంతగా అడ్డం పడి ఉంది. ముందు తీద్దాం, తర్వాత వినికిడి పరీక్ష చేస్తాను. అప్పటిదాకా ఎవరూ ఏడవకండి."

అశ్విని ఏడుస్తున్నట్టు అశ్వినికే తెలియదు.

సన్నని గొట్టం మిషనుకు తగిలించి డాక్టరు పని మొదలుపెట్టింది. సురేంద్ర కళ్ళు గట్టిగా మూసుకున్నాడు. కాసేపటికి తెరిచాడు. ఇంకా పెద్దవి చేశాడు.

"ఫ్యాన్," అన్నాడు.

"ఏంటి?"

"వదినా, ఫ్యాన్ తిరుగుతాంది! కిర్రుమంటాంది!"

పరీక్ష కూడా బాగానే వచ్చింది. రెండు చెవులూ సమంగా ఉన్నాయి. అశ్విని తల పట్టుకుని నవ్వడం మొదలుపెట్టింది. ఎంతకూ ఆగలేదు. నరం కాదు, మోత కాదు, తన పెట్టె కాదు. గుబిలి!

"నవ్వింది చాలు, ఇది కూడా వినండి," అంది డాక్టరు. "ఈసారి గుబిలి. కానీ మూసిన గదిలో అంత మోత పెట్టుకుని ఇలాగే వాయిస్తే, ఏదో ఒక రోజు నిజంగానే నరం దెబ్బ తింటుంది. అప్పుడు నేను తీసేదేమీ ఉండదు. చెవుల్లో ప్లగ్గులు పెట్టుకోండి. మీరు కూడా."

అశ్విని నవ్వు ఆపి తలూపింది. అత్త భయం పూర్తిగా పిచ్చిది కాదన్నమాట. ఆ సంగతి ఎలాగూ చెప్పాలి. ఈ శుభవార్త చెప్పాక.

*

"గుబిలా?" అంది సుబ్బమ్మ.

"గుబిలే అమ్మా."

సుబ్బమ్మ కొడుకు ఎడమ చెవి దగ్గరికి వచ్చి, "నాయనా," అని మెల్లగా పిలిచింది.

"ఊఁ," అన్నాడు సురేంద్ర.

అంతే, ఆమె అక్కడే కూలబడి కొంగు నోట్లో కుక్కుకుని ఏడ్చింది. శివశంకర్ మంచినీళ్ళు తెచ్చాడు. గుండెల మీది కుంపటి దిగినట్టు అందరికీ ఒక్కసారిగా ఆకలేసింది. అశ్విని ఉప్మా వేడి చేసింది. సుబ్బమ్మ కోడలి పళ్ళెంలో ఊరగాయ బద్ద వేసింది. క్షమించమనీ, క్షమించాననీ ఎవరూ అనలేదు. ఊరగాయ బద్దతో సరిపోయింది.

"తాళం ఇయ్యమ్మా. ఒకసారి వాయిస్తా," అన్నాడు సురేంద్ర చెయ్యి కడుక్కుంటూ.

సుబ్బమ్మ ముఖం మారింది.

"మెల్లగానే వాయిస్తాలే."

ఆమె తాళంచెవి తీసి బల్ల మీద పెట్టింది కానీ చెయ్యి దాని మీంచి తీయలేదు. సురేంద్ర మెల్లగా లాక్కుని గది తలుపు తెరిచాడు.

గిటార్ ఉంది. ఆంప్లిఫయరు ఉంది. పెట్టె ఉన్న చోట నేల మీద నలుచదరంగా దుమ్ము లేని జాగా మిగిలి ఉంది.

"పెట్టె యాడమ్మా?"

"ఇచ్చేస్తిని."

"ఎవరికి?" అంది అశ్విని.

"దేవునికి." సుబ్బమ్మ గోడ వైపు చూస్తూ చెప్పింది. "మీరు అట్ల పోతానే మొక్కుకుంటిని. 'స్వామీ, ఆ పెట్టె నీకిస్తా, నా బిడ్డ చెవి నాకియ్యి' అని. కింద ఓనరమ్మ రుక్కమ్మను పిలిస్తే, వాళ్ళాయన ఇద్దరు మనుషుల్ని పంపించె. తీసుకపోయిరి."

"ఏ గుడికి?"

"నేనేం అడగల్యా."

"అమ్మా, అది గుబిలి!" అని అరిచాడు సురేంద్ర. "దేవుడు ఇచ్చింది కాదు, డాక్టరమ్మ తీసింది!"

"తీసేదాకా అది గుబిలని నీకు తెలుసునా? ఆ డాక్టరమ్మకి తెలుసునా?" సుబ్బమ్మ గోడ మీంచి చూపు తిప్పింది. "నా మొక్కు నేను మొక్కుకుంటిని. చెవి వచ్చె. ఇంగ దాన్ని వెనక్కి అడిగేదానికి నాకు ధైర్యం లేదు."

సురేంద్ర తాళంచెవి బల్ల మీద పడేశాడు.

అశ్విని గదిలోకి వెళ్ళి ఖాళీ జాగా దగ్గర కూర్చుంది. శివశంకర్ వెనకే వచ్చి తలుపు దగ్గరగా వేశాడు.

"ఫైలు ఉంటుంది కదా. మళ్ళీ కోయిద్దాం," అన్నాడు.

"తీసేశాను శివా." అత్త ముందైతే ఆమె అతన్ని పేరు పెట్టి పిలవదు. "కోపంలో కాదు. భయంలో. బాలానగర్‌లో ఉన్నది మొదటి కొలత. తర్వాత చేసిన మార్పులన్నీ నా ఫైల్లోనూ ఆ పెట్టెలోనూ తప్ప ఇంకెక్కడా లేవు."

శివశంకర్ ఏమీ అనకుండా ఆమె పక్కన నేల మీద కూర్చున్నాడు. ఎప్పుడూ కోపం తెప్పించే అతని మౌనం ఆ పూట ఆమెకు చేయూతలా ఉంది.

*

రుక్కమ్మ బయటికి వెళ్ళింది. ఆమె భర్త రామచంద్రం ఫోన్ తీయలేదు. సాయంత్రమైంది. ఆఫీసు బస్సులు మెయిన్ రోడ్డు మీద హారన్లు కొడుతున్నాయి. వెనక అద్దాల మేడల్లో దీపాలు వెలుగుతున్నాయి. సురేంద్ర బాల్కనీలో నిలబడి, చెవులు కొత్తగా కొనుక్కున్నట్టు రెండు వైపులా తల తిప్పి అన్నీ వింటున్నాడు. కుక్కర్ విజిల్, బండి స్టాండు, ఎవరిదో దగ్గు.

"వదినా, ఇట్లా రా."

అశ్విని వచ్చింది.

"వినపడుతాందా?"

హారన్లు తప్ప ఆమెకేమీ వినపడలేదు. కాసేపటికి దూరంగా తాళాలు, డోలక్, మనుషులు కలిసి పాడుతున్న భజన.

"గుడిలో భజన. రోజూ ఉండేదే కదా."

"పాట కాదు, కింద మోత విను. డోలక్ కొట్టినప్పుడు ఎట్ల ఆగుతాందో విను. వేరే స్పీకరైతే మూలుగుతానే ఉంటాది. ఇది టక్కున ఆగుతాంది. నువ్వు అడ్డబద్ద వేసినాక వచ్చిన ఆపు అది." అతని కళ్ళు మెరిశాయి. "వదినా, అది మన పెట్టె!"

అశ్విని కళ్ళు మూసుకుని విన్నది. నిజం. రెండు గల్లీల అవతల నుంచి, ఇన్ని హారన్ల మధ్య నుంచి, ఈ పిల్లవాడు తన పెట్టెను గుర్తుపట్టాడు. డాక్టరు ఇచ్చిన కాగితం కన్నా అది ఆమెకు పెద్ద నమ్మకం ఇచ్చింది.

ఇద్దరూ మెట్లు దిగుతుంటే వెనక చెప్పుల చప్పుడైంది. సుబ్బమ్మ.

"నేనూ వస్తా. నేను లేకుండా మీరు ఏం మాట్లాడతారో," అంది.

*

హనుమాన్ గుడి ముందు రేకుల పందిట్లో పెట్టె ఉంది. దానికి పసుపూ కుంకుమా పెట్టారు. మెడ లేకపోయినా బంతిపూల దండ వేశారు. భజన వాళ్ళు తమ పాత ఆంప్లిఫయరును దానికి తగిలించారు. ఇంటి ఓనరు రామచంద్రం తాళాలు పక్కన పెట్టి లేచి వచ్చాడు.

"రా బిడ్డా, రా. తమ్మునికి చెవు మంచిగైనట్టున్నది గదా! మీ ముఖాలు చూస్తెనే తెలుస్తున్నది. ఇగ ఫికర్ లేదు." పెట్టె మీద చెయ్యి వేశాడు. "గిది చేసింది నువ్వేనట! డోలక్ కొడితె గుండెల మీద కొట్టినట్టున్నది. కని ఒక్కటి బిడ్డా, ఏమనుకోకు. పాట మాటలు తెలుస్తలేవు. నోట్ల గుడ్డ పెట్టుకొని పాడినట్టు వస్తున్నయ్."

సురేంద్ర నవ్వాపుకోలేకపోయాడు. "అది గిటార్ కోసం చేసింది పెద్దనాయనా. గొంతులో ఉండే సన్నని శబ్దం ఈ స్పీకర్లు పలకవు."

అశ్వినికి ఆ మాటతో దారి కనిపించింది. "పెద్దనాన్నా, గొంతుకు పనికొచ్చే పెట్టె వేరేగా ఉంటుంది. అది చేసి ఇస్తాను. స్పష్టంగా, ఒక్కో మాటా తెలిసేలాగా. అప్పుడు ఇది మాకు ఇస్తారా?"

"నాకేం అభ్యంతరం లేదు బిడ్డా. కని మొక్కింది నేను కాదు." రామచంద్రం సుబ్బమ్మ వైపు చెయ్యి చూపించాడు. "గా అమ్మ చెప్పాలె."

అందరూ సుబ్బమ్మ వైపు చూశారు. ఆమె లోపల దీపం వైపు చూస్తోంది. అశ్విని తొందరపెట్టలేదు. ఇప్పుడు ఒక్క మాట ఎక్కువైనా ఉప్మా దగ్గర కుదిరినదంతా చెదిరిపోతుంది.

"ముందు దీన్ని కొలుచుకోనా అత్తా? కొలుచుకుంటే తప్పు లేదు కదా?" అని మాత్రం అడిగింది.

"కొలుచుకో."

హారతి అయ్యాక వెనక పలక మరలు విప్పారు. అశ్విని టేపు లోపలికి పెట్టింది. సురేంద్ర ఫోన్లో లైటు వేసి పట్టుకున్నాడు, ఆమె చెప్పిన అంకెలు ఎక్కించుకున్నాడు. టేపు రెండో కొస జారిపోతుంటే సుబ్బమ్మ వంగి పట్టుకుంది.

"ఇంత బద్ద లోపల ఎందుకు?" అని అడిగింది.

"పలక అదరకుండా అత్తా."

"ఎవురు చెప్పినారు ఆడ పెట్టమని?"

"కంప్యూటర్లో గీసి చూసుకున్నా. అక్కడ కాకుండా ఇంకోచోట పెడితే కుదరలేదు."

సుబ్బమ్మ టేపు కొస గట్టిగా పట్టుకుంది. కొలతలన్నీ అయి, మరలు మళ్ళీ బిగించాక, దేవుడికి దండం పెట్టి కోడలి వైపు తిరిగింది.

"మొక్కింది నేను. బదులు నువ్వు చేసి ఇస్తే అది నీ మొక్కు అవుతాది, నాది కాదు. ఇస్తే నా చేత్తో చేసింది ఇయ్యాల."

"అంటే?"

"నాకు నేర్పియ్యి. ఆ గీతలు గీసేది."

అశ్వినికి విన్నది నిజమో కాదో తెలియలేదు. సురేంద్ర ఎడమ చెవిలో వేలు పెట్టి తీశాడు.

"నేను చేసేదాకా ఇది ఈడే ఉంటాది. స్వామి ఎదురుగానే," అంది సుబ్బమ్మ. "ఏం, నేర్చుకోలేనా?"

"నేర్చుకుంటావు అత్తా," అంది అశ్విని. అంటుంటే ఆమెకు నవ్వూ ఏడుపూ కలిసి వచ్చాయి.

*

రాత్రి భోజనాలు కాకముందే ల్యాప్‌టాప్ బల్ల మీదికి వచ్చింది. శివశంకర్ అమ్మకు కుర్చీ జరిపాడు, కళ్ళజోడు తెచ్చి ఇచ్చాడు. తెర మీద ఖాళీ తప్ప ఏమీ లేదు. తాను తీసేసిన పనంతా మళ్ళీ మొదటి గీత నుంచి మొదలుపెట్టాలి. అయినా అశ్వినికి బరువుగా లేదు. భుజాలు తేలికగా ఉన్నాయి.

మౌస్ మీద అత్త చెయ్యి, ఆ చెయ్యి మీద తన చెయ్యి పెట్టింది. "ఇక్కడ నొక్కి, ఇలా లాగు. వదలొద్దు."

తెర మీద ఒక గీత సాగింది. సుబ్బమ్మ ఊపిరి బిగబట్టింది.

"జానలో చెప్పు. ఎన్ని జానలు లాగాల?"

అశ్విని నవ్వుతూ నోరు తెరిచేలోపు సురేంద్ర గుమ్మంలోకి వచ్చాడు. ఫోన్‌ను అరచేత్తో మూసి పట్టుకున్నాడు. ముఖంలో పొద్దుటి భయం లేదు కానీ, కంగారు ఉంది.

"వదినా, మధుకర్ గారు. సోమవారం కుదరదంట. వాళ్ళ భాగస్తులను తీసుకుని రేపు పొద్దున్నే పెట్టె వినేదానికి ఇంటికి వస్తారంట. ఏం చెప్పమంటావు?"

మౌస్ మీద సుబ్బమ్మ చెయ్యి ఆగిపోయింది.